మార్క్-3 అంబాసిడరా, పాత మారుతీయా?

ప్రశ్న: మా షెడ్డులో 1978 అంబాసిడర్ మార్క్-3 ఉంది. మామయ్య తన 1988 మారుతి 800 తీసుకెళ్లమంటున్నారు. రెండూ ఏళ్ల తరబడి తిరగలేదు. డబ్బు ఒక్కదానికే పెట్టగలను. ఇంజన్ బాగున్నదాన్ని ఎంచుకోమని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: కాదండీ, బాడీ చూసి ఎంచుకోండి. ఇంజన్‌కు బోరింగ్ చేయించి (అరిగిన సిలిండర్లను కాస్త వెడల్పు చేయించి) ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయించొచ్చు. ఈ రెండు కార్లకూ విడిగా చాసిస్ (బరువు మోసే కింది చట్రం) లేదు, బాడీయే చాసిస్. అది తుప్పు తింటే ఎంత పోసినా వృథా.

కార్పెట్లు ఎత్తి, కింద దూరి స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. అంబాసిడర్‌లో తలుపుల కింది బాక్స్ సెక్షన్లు, వెనక కమాను కట్టలు బాడీకి కలిసే చోటు, ముందు టార్షన్ బార్లు (స్ప్రింగుల్లా మెలితిరిగే కడ్డీలు) బిగించిన అడ్డ మెంబరు ముఖ్యం. మారుతిలో కాళ్ల కింది ఫ్లోరు, బానెట్ లోపల స్ట్రట్ల (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండేవి) పైకొసలు బిగించిన చోటు చూడాలి. పెయింటు మీద మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం జరపండి. అంటుకోని చోట ఉన్నది పుట్టీ. మీ తుమ్మలపెంట తీరం వైపు ఉప్పుగాలికి పలచటి మారుతి రేకు ముందు పోతుంది కాబట్టి దాని మీదే అనుమానం ఎక్కువ పెట్టుకోండి.

బాడీలు రెండూ గట్టిగా ఉంటే, వారం వారం హైవే ఎక్కేవారికి మా ఓటు మారుతికే. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్, తేలికైన బండి, పెట్రోలు ఖర్చు తక్కువ. స్టార్ట్ చేసే ముందే టైమింగ్ బెల్టు (ఇంజన్ వాల్వులను నడిపే పళ్ల బెల్టు) మార్చండి. నిలబడిన బండిలో రబ్బరు గట్టిపడి, పళ్లు ఊడి, నడిరోడ్డు మీద ఆపేస్తుంది.

అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ ఓపికున్నవారికి. సీసం కలిపిన పెట్రోలు 2000లో పోయింది. సీసం లేని పెట్రోలుతో పాత హెడ్డులో (ఇంజన్ పైభాగంలో) వాల్వ్ సీట్లు, అంటే వాల్వులు ఆనే అంచులు, అరిగి లోపలికి దిగుతాయి. హెడ్డు ఎలాగూ విప్పుతారు కదా, గట్టి సీట్లు వేయించండి. డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్ల (ప్లగ్గుల నిప్పురవ్వ కోసం కరెంటు తెంచేవి) గ్యాప్ 0.4 మి.మీ. ముందు చక్రాల గ్రీజు నిపిళ్లకు (గ్రీజు ఎక్కించే చిన్న మూతులకు) 1500 కిలోమీటర్లకోసారి గ్రీజు కొట్టాలి. ఇది మానేసి స్టీరింగ్ బరువని తిట్టేవాళ్లే ఎక్కువ.

20 శాతం ఇథనాల్ పెట్రోలుకు రెండింటి పాత రబ్బరు పైపులూ, పెట్రోలు పంపులోని డయాఫ్రమూ (కదిలే పలచటి పొర) ఆగవు. ఇథనాల్‌కు తట్టుకునేవే అడిగి వేయించండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చకపోతే తేమ చేరి, చక్రాల దగ్గర బ్రేకులను నొక్కే వీల్ సిలిండర్లు పట్టేస్తాయి.

వింటేజ్ (పాతకాలపు బండి) రిజిస్ట్రేషన్‌కు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండాలి. పైగా అలాంటి బండిని రోజూ తిప్పకూడదు. మీరు వాడుకునేట్టయితే ఫారం 25తో మామూలు ఆర్‌సీ రెన్యువలే, అయిదేళ్లకోసారి.

ప్రశ్న: మా ప్రీమియర్ పద్మిని కారు ఎండాకాలం మధ్యాహ్నం ఆగి, అరగంటకు దానంతటదే స్టార్ట్ అవుతోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: పంపులో, పైపులో పెట్రోలు ఆవిరై ఉంటుందమ్మా. అప్పటికి పంపు మీద తడిగుడ్డ వేయండి. తర్వాత పెట్రోలు పైపును సైలెన్సర్ గొట్టానికి దూరంగా జరిపించి, మధ్యలో రేకు అడ్డం పెట్టించండి. అయినా ఆగుతుంటే ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులకు కరెంటు పంపేది) వేడికి పనిచేయడం మానేస్తోందేమో చూపించండి.