నాన్నగారు పెట్టిన ఆ సంతకం దేని మీద?

ప్రశ్న: లాయర్ గారూ, హైదరాబాద్‌లో మా నాన్నగారు 1986లో కొన్న 200 గజాల స్థలంలో మా ఇల్లు ఉంది. మెయిన్ రోడ్డు మీదుగా ఎలివేటెడ్ మెట్రో వస్తోందని, స్టేషన్ మెట్లూ లిఫ్టూ మా వైపే దిగుతాయని నోటీసు ఇచ్చారు. ముందువైపు 38 గజాలు పోతుందట. నాన్న పోయి ఆరేళ్లయింది, వీలునామా లేదు. తులసికోట పోతుందని అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడినవాళ్లకు మా పడకగది కనిపిస్తుంది. నోటీసు వచ్చి 43 రోజులైంది. ఎమ్మెల్యే గారికి రెండుసార్లు అర్జీ ఇచ్చాం. 2013లో పై అంతస్తు కట్టినప్పుడు మున్సిపాలిటీ కోసమని నాన్న రిజిస్ట్రార్ ఆఫీసులో ఏదో సంతకం పెట్టినట్టు గుర్తు. ముందు గదికి షటర్ పెట్టి, పాత తేదీతో అద్దె అగ్రిమెంటు రాసుకుంటే కమర్షియల్ రేటు కట్టిస్తారని మా బావమరిది అంటున్నాడు. స్టే వస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే వాక్యం ఒక్కటే. అది తులసికోట గురించీ కాదు, పడకగది గురించీ కాదు. "ఏదో సంతకం" అని మీరు తేలిగ్గా రాసి వదిలేసిన వాక్యం.

రోడ్డు వెడల్పులో పోయే భాగాన్ని ఉచితంగా అప్పగిస్తేనే ఇంటి ప్లాన్‌కు అనుమతి ఇవ్వడం 2012 భవన నిబంధనల్లో (జీవో 168) ఉన్నదే. బదులుగా సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగాలో) సడలింపో, టీడీఆరో (అమ్ముకోదగ్గ నిర్మాణ హక్కు పత్రం) ఇస్తారు. నాన్నగారు సంతకం పెట్టింది అలాంటి గిఫ్ట్ డీడ్ (దానపత్రం) మీదైతే, అందులో రాసినన్ని గజాలు అప్పుడే మీవి కాకుండా పోయాయి. 38లో 22 గజాలు అలా ఇచ్చేసి ఉంటే, మీరు పరిహారం అడగాల్సింది 16 గజాలకే. ఇప్పటిదాకా కాంపౌండ్ గోడ అక్కడే ఉందన్నంత మాత్రాన స్థలం తిరిగి మీదైపోదు.

అది స్థలం ఇస్తానన్న ఉత్త అండర్‌టేకింగో (హామీపత్రం), ప్లాన్ మీద రోడ్డుకు పోయే భాగం చూపే ఎర్రగీతో అయితే మాత్రం కథ వేరు. స్థిరాస్తి దానానికి రిజిస్టరైన దస్తావేజు ఉండాలని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 చెబుతోంది. దస్తావేజు లేకపోతే స్థలం ఇంకా నాన్నగారి వారసులదే. రోడ్డుకు పోయేదే కదా అని పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు. కాబట్టి రేపు పొద్దున్నే ఆ ప్లాటుకు 1986 నుంచి ఈసీ (రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. గిఫ్ట్ డీడ్ కనిపిస్తే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, హద్దులు, కొలతలు చదవండి. మున్సిపాలిటీ నుంచి శాంక్షన్ ప్లాన్ కాపీ కూడా తీసుకోండి. ఈ మూడూ చేతిలో లేకుండా ఏ వకీలు మీకు ధైర్యం చెప్పినా నమ్మకండి, నాతో సహా.

ఇక గడువు. 43 రోజులు ఆ కాగితాన్ని ఇంట్లో పెట్టుకుని ఎమ్మెల్యే చుట్టూ తిరిగారా? ఎమ్మెల్యేకు ఇచ్చిన అర్జీ చట్టం దృష్టిలో అభ్యంతరం కాదు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 15 కింద అభ్యంతరాన్ని కలెక్టరుకు రాతపూర్వకంగా, ప్రాథమిక నోటిఫికేషన్ ప్రచురించిన 60 రోజుల్లోగా ఇవ్వాలి. నోటీసు మీ ఇంటికి చేరిన రోజు నుంచి కాదు, ప్రచురించిన రోజు నుంచి. గెజిట్లో, పేపర్లో ఎప్పుడు వచ్చిందో చూసి, అన్నిటికంటే ముందున్న తేదీ నుంచి లెక్కపెట్టుకోండి. పదిహేడు రోజులున్నాయని మీరు అనుకోవచ్చు, పది కూడా ఉండకపోవచ్చు.

స్టే సంగతి. భూసేకరణ విషయంలో సివిల్ కోర్టుకు అధికారం లేదని అదే చట్టం సెక్షన్ 63 అంటుంది. పైగా 2018 సవరణ తర్వాత స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 41(హెచ్‌ఏ) ప్రకారం మౌలిక సదుపాయాల పనిని ఆలస్యం చేసే ఇంజంక్షన్ ఇవ్వరాదు. మిగిలింది హైకోర్టులో రిట్. పద్ధతి తప్పారని చూపగలిగితే అక్కడ వింటారు, పడకగది కనిపిస్తుందంటే వినరు. పడకగది బాధ పనికొచ్చే చోటు ఒకటుంది: భూసేకరణ చట్టం సెక్షన్ 28 కింద, మిగిలిన ఆస్తికి కలిగే నష్టం. దానికీ రుజువు కావాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రిపోర్టు రాయించండి. ముందువైపు పిల్లర్లు తీసేస్తే వెనక ఇల్లు నిలవదని ఆయన తేలిస్తే, ఇల్లంతా తీసుకోమని సెక్షన్ 94 కింద మీరే కోరవచ్చు. ఈ సెక్షన్ సంగతి చాలామందికి తెలియదు.

మీ బావమరిది సలహా వింటే మునిగిపోతారు. స్టాంపు కాగితం మీద వెండరు వేసిన సీరియల్ నంబరు, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి. అవే వివరాలు వాళ్ల రిజిస్టర్లోనూ ఉంటాయి. షటర్ నిన్న బిగించిందా, పదేళ్లనాటిదా అన్నది కరెంటు మీటరు కేటగిరీ, ఆస్తిపన్ను రసీదు చూస్తే అర నిమిషంలో తెలుస్తుంది. నోటిఫికేషన్ తర్వాత ఆ స్థలం మీద లావాదేవీలు చేయకూడదని సెక్షన్ 11(4) ఉంది. తప్పుడు సమాచారం ఇస్తే ఆరు నెలల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో సెక్షన్ 84లో ఉంది. అంతకంటే పెద్ద నష్టం, ఒక్క దొంగ కాగితంతో మీ అసలు కాగితాలన్నీ అనుమానంలో పడతాయి.

నోటీసు నాన్నగారి పేరు మీద వచ్చిందా, మీ పేరు మీదా అన్నది రాయలేదు. ఎలా వచ్చినా వీలునామా లేదు కాబట్టి అమ్మగారు, కొడుకులు, కూతుళ్లు అందరూ సమాన వాటాదారులే. లీగల్ హెయిర్ సర్టిఫికెట్‌తో అందరూ కలిసి ఒకే అభ్యంతరం ఇవ్వండి. వాటాల గొడవ పెట్టుకుంటే డబ్బు అథారిటీ (భూసేకరణ వివాదాలు తేల్చే న్యాయస్థానం) దగ్గర డిపాజిట్ అయి కూర్చుంటుంది.

కొలతలకు వచ్చినప్పుడు టేపు పట్టుకుని పక్కనే ఉండండి. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో ఫొటోలు తీయండి. పంచనామాలో అంకెలు తప్పుంటే, సంతకం పక్కన "కొలతలకు అంగీకరించడం లేదు" అని రాసి సంతకం పెట్టండి. అవార్డు (పరిహారం ఎంతో తేల్చే కలెక్టరు ఉత్తర్వు) వచ్చాక చెక్కు తీసుకునేటప్పుడు కూడా "అభ్యంతరంతో" అని రాయండి. అవార్డును ఒప్పుకున్నవారికి సెక్షన్ 64 కింద పెంపు అడిగే హక్కు ఉండదు. ఆ దరఖాస్తుకు, అవార్డు రోజు మీరు హాజరై ఉంటే, ఆరు వారాలే గడువు.

అభ్యంతరం మూడు కాపీలు తీయండి. కలెక్టరు ఆఫీసు ఇన్‌వార్డు ముద్ర, తేదీ పడనిదే మీ కాపీతో కౌంటరు దగ్గర నుంచి కదలకండి. విచారణకు పిలిచిన రోజు అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. ఆవిడ ఇంటి మనిషిగా రావడం కాదు, హక్కుదారుగా సంతకం పెట్టాలి.