పాత రాతి వంతెనకు సిమెంటు పూయొచ్చా?

“మా ఊరి గెడ్డ (వాగు) మీద రాతి కమాను వంతెన ఉంది. సందుల్లో సున్నం రాలిపోయింది, రావి మొక్కలు మొలిచాయి. సిమెంటు పూసి, పైన కాంక్రీటు పోస్తే చాలా?” అని అడిగారు.

పూయకండి. మేం పూసి చెడగొట్టుకున్నాం కాబట్టి చెబుతున్నా.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర పల్లె. మా వంతెన సందులన్నీ ఓ వేసవిలో చందాలు వేసుకుని సిమెంటుతో నింపాం. కొత్తదానిలా కనబడేసరికి కొబ్బరికాయ కూడా కొట్టాం. రెండు వర్షాకాలాలు గడిచేసరికి సిమెంటు గీతలు అలాగే ఉన్నాయి, పక్కనున్న రాళ్లు మాత్రం పొరలుగా ఊడుతున్నాయి. మన కొండల్లో దొరికే ఖొండలైటు రాయి మెత్తన. పైనుంచి దిగిన నీరు ఇదివరకు సున్నపు సందుల్లోంచి ఆరిపోయేది. ఆ దారి మూసేశాం కాబట్టి రాతిలోంచే బయటికి రావడం మొదలుపెట్టింది. సున్నం అరిగితే మళ్లీ పెట్టుకోవచ్చు, రాయి పోతే ఏం చేస్తాం?

తర్వాత టెక్కలి వైపు నుంచి ఒక ముసలి మేస్త్రిని పిలిచాం. ఆయన వంతెన ఎక్కనేలేదు, ముందు గెడ్డలోకి దిగాడు. స్తంభాల అడుగున వరద కోసేసిన గుంతలు చూపించి, “కాళ్లు చూడకుండా మొహానికి పౌడరు పూశారు బాబూ” అన్నాడు. ఊళ్లో ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటారు. ముందు ఆ గుంతల్లో పెద్ద బండలు పేర్పించాడు, పైన పూడిపోయిన తూములు తెరిపించాడు. సగం జబ్బు అక్కడే తగ్గింది.

సిమెంటును ఉలితో, చేత్తోనే తీయించాడు, మెషిన్ ముట్టనివ్వలేదు. సున్నాన్ని వారాలపాటు నీళ్లలో నానబెట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగ పట్టించాడు. ఇటుక పొడి ఉంటేనే తడిలో కూడా గట్టిపడుతుందట. తాపీ తిరగేసినా ముద్ద జారకూడదు, అదే ఆయన పరీక్ష. రావి మొక్కల్ని పీకనివ్వలేదు. వేరుతోపాటు రాయీ వస్తుంది. మొదలు నరికి, వేరు చచ్చాకే సందు నింపాం.

ఇక పైన కాంక్రీటు సంగతి. కమాను నిలబడేది రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకోవడం వల్ల. కాంక్రీటు కోసం పైనున్న మట్టిని ఒక పక్కే తవ్వేస్తే బరువు ఒరిగి కూలిపోవచ్చు. తీయాల్సివస్తే రెండు వైపులా సమంగా, కింద సెంట్రింగ్ (కమానును మోసే చట్రం) పెట్టాకే తీయాలి. విప్పే ప్రతి రాయికీ కనబడని వైపు నంబరు వేయండి. వంతెన మీదుగా వెళ్లే బరువైన ఇసుక టిప్పర్లను మాత్రం ఇవాళే ఆపండి. (మాకు ఈ విషయంలోనే ఎక్కువ గొడవైంది.)

మీది నిజంగా కమానేనా అన్నది కూడా చూసుకోండి. పూరీలోని అఠారనళా వంతెనలో రాళ్లను వరసవరసకీ కొంచెం ముందుకు జరిపి పేర్చారు, దాని లెక్క వేరు. రక్షిత కట్టడం అయితే అనుమతి లేకుండా ఏదీ ముట్టుకోకూడదు. 1936లో ఒడిశా ఏర్పడక ముందు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం కాబట్టి, పాత కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడా అడగండి.

సున్నం పని తుపాన్ల కాలం దాటాక, డిసెంబరులో పెట్టుకోండి. మేం పదిహేను రోజులు తడి గోనెలు కప్పి ఉంచాం, అందులో రెండు గోనెలు ఎవరో ఎత్తుకుపోయారు కూడా. గెడ్డ ఎండినప్పుడు స్తంభాల అడుగు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. పైనుంచి తీసినవి చూసి నేనేం చెప్పలేను.