పిండితో జడ వేస్తానంటున్న పాప

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అన్నవాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. వాళ్ల పక్కింటివారు యూదులు. శుక్రవారం వచ్చిందంటే జడలా అల్లిన రొట్టె కాలుస్తారు. ఒకసారి మా మేనకోడలు వాళ్లతో కలిసి ఆ రొట్టె అల్లుతుండగా మా అయిదేళ్ల పాప వీడియో కాల్‌లో చూసి, తానూ పిండితో జడ వేస్తానని పట్టుబట్టింది. మే నెలలో ప్రయత్నించాను. ఈస్ట్‌ను పొగలు కక్కే నీళ్లలో కలిపాను. పిండి పొంగలేదు. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 220 డిగ్రీల దగ్గర పెడితే పైన నల్లబడి లోపల పచ్చిగా మిగిలింది. పాప వంకరగా వేసిన జడను విప్పి నేను మళ్లీ వేశానని అది ఏడ్చింది కూడా. మా అత్తమ్మ గుడ్డు తినరు. గుడ్డు లేకుండా ఆ రొట్టె కుదురుతుందా? వేరే మతంవారి పండుగ రొట్టె మనం చేయవచ్చా అని కూడా ఆమె అడుగుతున్నారు.
— ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ముందుగా అత్తమ్మగారి సందేహం. ఆ రొట్టెను హల్లా అంటారు. మొదటి అక్షరాన్ని ‘ఖ’కూ ‘హ’కూ మధ్యగా గొంతులోంచి పలుకుతారు. నిజానికి ఆ పేరు రొట్టెది కాదు, పిసికిన పిండిలోంచి దేవుడి పేరిట విడిగా తీసే ముద్దది. ఒకప్పుడు ఆ ముద్ద యాజకులకు, అంటే ఆలయ పూజారులకు చెందేది, క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయం కూలిన తర్వాత దానిని తినకుండా కాల్చివేయడం ఆచారమైంది. సకినాలు చుట్టే ముందు మా ఇంట్లో పిండితో గౌరమ్మను చేసి పక్కన పెట్టేవారు కనుక, ఈ సంగతి చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. ముద్ద తీయడం, దానికి చెప్పే ప్రార్థన యూదుల విధులు; వాటిని మనం అనుకరించనవసరం లేదు. పైగా అర కిలో పిండికి వారి ధర్మం ప్రకారమే ఆ విధి వర్తించదు. రొట్టె కాల్చుకోవడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు. యూదులంటే ఎక్కడో దూరదేశంవారని అత్తమ్మగారు అనుకుంటే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ధర్మం పాటించే బెనె ఎఫ్రాయిం అనే తెలుగువారు ఉన్నారని చెప్పండి.

పాపకు కథ కావాలి కదా. ఐగుప్తు (ఈజిప్టు) నుంచి బయటపడి ఎడారిలో నడిచిన యూదుల పూర్వీకులకు ఆకాశంనుంచి మన్నా అనే ఆహారం కురిసిందని, శనివారం విశ్రాంతిదినం కాబట్టి శుక్రవారం రెండింతలు దొరికేదని బైబిల్ నిర్గమకాండంలో ఉంది. అందుకే శుక్రవారం రాత్రి భోజనానికి రెండు రొట్టెలు పెట్టి, మన్నామీద మంచు పరచుకున్నట్టుగా వాటిమీద బట్ట కప్పుతారు. పైన చల్లే నువ్వులు కూడా మన్నాకు గుర్తేనంటారు. అయితే ఈ రొట్టె అన్ని పండుగలకూ పనికిరాదు. ఐగుప్తునుంచి బయటపడినందుకు గుర్తుగా చేసుకునే పస్కా పండుగ రోజుల్లో పులిసిన పిండిని వారు ఇంట్లోనే ఉంచుకోరు.

ఇక మీ రొట్టె ఎందుకు చెడిందంటే, పొగలు కక్కే నీళ్లలో ఈస్ట్ చచ్చిపోయింది. వేలు పెడితే గోరువెచ్చగా తగిలే నీళ్లు చాలు. మీ ఊరి మే నెలలో కుండ నీళ్లయినా సరిపోతాయి. అర కిలో మైదాకు 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 60 గ్రాముల చక్కెర, చెంచాన్నర ఉప్పు, 60 మిల్లీలీటర్ల నూనె, సుమారు 270 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకోండి. ఇది గుడ్డు లేని కొలత. గుడ్లు లేకుండా నీళ్లతోనే చేసే హల్లా యూదుల ఇళ్లలోనూ ఉంది. రంగు కాస్త తగ్గుతుంది, అంతే. వెన్న, పాలు మాత్రం వేయకండి. మాంసంతో పాలు కలిపి తినడం వారికి నిషిద్ధం. శుక్రవారం భోజనంలో తరచుగా మాంసం ఉంటుంది కనుక ఈ రొట్టెను నూనెతోనే చేస్తారు. మెరుపు కోసం, ఓటీజీలోంచి తీయగానే చక్కెర నీళ్లు పూయండి.

పది నిమిషాలు గట్టిగా పిసికి మూతపెట్టండి. గడియారాన్ని నమ్మకండి: చలికాలంలో గంటన్నర పట్టే పిండి మే నెలలో ముప్పావు గంటకే రెండింతలవుతుంది, ఇంకా వదిలేస్తే పుల్లని వాసన వచ్చి చప్పబడుతుంది. అల్లిన తర్వాత మరో అరగంట పొంగనిచ్చి, ముందే వేడెక్కిన ఓటీజీలో 180 డిగ్రీల దగ్గర అరగంట కాల్చండి. పైన తొందరగా రంగు వస్తే అల్యూమినియం కాగితం కప్పండి. అడుగున తడితే డొల్ల శబ్దం రావాలి.

పాప విషయంలో మీరు తొందరపడ్డారని చెప్పక తప్పదు. పిండిలో మూడో వంతు ఆమెకు వేరే పళ్లెంలో ఇచ్చేయండి. అది ఆమె రొట్టె, మీ చెయ్యి దానిమీద పడకూడదు. ముందురోజు కిటికీ చువ్వకు మూడు రంగుల బట్ట పీలికలు కట్టి, వాటితో జడ నేర్పండి. అదీ రాకపోతే బెంగపడనక్కర లేదు, ఎందుకంటే యూదుల కొత్త సంవత్సరానికి గుండ్రని హల్లా చేస్తారు, దానికి ఒక్క పొడవాటి పాయ చాలు. నడుమ కిస్‌మిస్‌లు దాచి సకినంలా చుట్టుకుంటూ పోవడమే. తేనెలో ముంచుకుని తింటారు. 2024లో ఆ కొత్త సంవత్సరం అక్టోబర్ 2 సాయంత్రం మొదలైంది, అదే రోజు మనకు ఎంగిలిపూల బతుకమ్మ. ఆ దినాల్లో చేస్తే పాపకు తేలికగా గుర్తుంటుంది.

పచ్చి పిండి రుచి చూడనివ్వకండి, ఓటీజీ దగ్గరికి రానివ్వకండి. నువ్వులు చల్లే పని పూర్తిగా ఆమెదే. పాప రొట్టె చిన్నది కాబట్టి ఇరవై నిమిషాలకే చూడండి. రెండూ ఒకేసారి పెట్టి మీ దాని కోసం ఎదురుచూస్తే ఆమెది మాడిపోతుంది.