పన్ను పెంచే ముందు వసూలు లెక్క అడగండి

ప్రశ్న: మా నగరపాలక సంస్థ ముసాయిదా బడ్జెట్‌పై అభ్యంతరాలు కోరింది. ఆస్తిపన్ను, చెత్త రుసుము రెండూ పెంచుతారట. సభలో ఏం అడగాలి?

జవాబు: నిరుటి అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వసూలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆదాయాన్ని ఎక్కువ చేసి చూపితే, ఏడాది మధ్యలో కోత పడేది కాలువల పూడికతీతకూ రోడ్ల మరమ్మతులకే. జీతాలు, అప్పుల వాయిదాలు ఆపలేరు కదా!

అసలు గట్టిగా అడగాల్సింది బకాయిల గురించి. 100 రూపాయల డిమాండుకు (అంటే కట్టాల్సిన మొత్తం పన్నుకు) 70 వసూలవుతుంటే, పన్ను 10 శాతం పెంచినా అదనంగా వచ్చేది 7 మాత్రమే. ఆ భారమూ సక్రమంగా కట్టేవారిదే. ఇది అన్యాయం. వసూలును 80కి చేర్చితే పెంపు లేకుండానే 10 వస్తుంది.

రుసుము సేవకు ప్రతిఫలం. చెత్త సేకరణకు ఖర్చెంతో, అందులో రుసుము వాటా ఎంతో చూపమనండి. అభ్యంతరాన్ని పద్దు సంఖ్యతో రాసి, గడువులోగా ఇచ్చి రసీదు తీసుకోండి.