మిద్దె ఉరుస్తోంది, బేల్దారి దొరకడం లేదు

ప్రశ్న: అనంతపురంలో మాది పాతికేళ్ల నాటి ఇల్లు. వాన వస్తే వంటింటి మిద్దె ఉరుస్తోంది. నిరుడు ఒక బేల్దారి బయానా తీసుకొని, పైన సిమెంటు పూసి వెళ్లాడు. మొదటి వానకే మళ్లీ చెమ్మ దిగింది. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. రెండు కుళాయిలు కారుతున్నాయి, ఒక తలుపు సరిగా పడటం లేదు. ఇంత చిన్న పనులకు ఎవరూ రావడం లేదు. నమ్మకమైన పనివాళ్లను వెతుక్కోవడం ఎలా?
– ఒక పాఠకురాలు

జవాబు: నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో తేల్చకుండానే పూత వేయించడం వల్ల మీ డబ్బు వృథా అయింది. ఈసారి మిద్దె మీది తూముకు గుడ్డ బిగించి, రెండు అంగుళాల ఎత్తున నీళ్లు నిలిపి, ఒక రోజంతా కింద గమనించండి. చెమ్మ కనబడితే లోపం మిద్దెదే. కనబడకపోతే గోడ పగుళ్లనూ, గోడలోని పైపులనూ అనుమానించాలి. అయితే పైకప్పు పెచ్చులూడి ఇనుప కమ్ములు బయటపడి ఉంటే నీళ్లు నిలపవద్దు, ముందుగా ఇంజనీరుకు చూపించండి. కారణం తేలేంతవరకు పనిని గుత్తకు ఇవ్వకండి.

బేల్దారి కోసం హార్డ్‌వేర్ దుకాణంలో అడగవచ్చు గానీ, తమ దగ్గర సరుకు కొనేవారి పేరే వారు చెప్పే అవకాశం ఉంది. అంతకంటే, మిద్దె బాగుచేయించుకున్న తర్వాత కనీసం ఒక వానాకాలం గడిచిన ఇంటివారిని అడగడం మేలు. అనంతపురంలో వానలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఎక్కువ కాబట్టి, మంచి పనివాళ్లు అప్పటికి తీరిక లేకుండా ఉంటారు. మీరు వేసవిలోనే మాట్లాడుకోవాలి.

చిన్న పనులకు ఎవరూ రాకపోవడం వారి పొగరు వల్ల కాదు. అరగంట పని కోసం రోజుకూలి పోగొట్టుకోవడం వారికి గిట్టదు. రెండు కుళాయిలతో పాటు ట్యాంకు వాల్వు, సింకు పైపు వంటివన్నీ రాసిపెట్టుకొని, పూట కూలి ఇస్తామని చెప్పి ప్లంబరును పిలవండి. వడ్రంగికీ అలాగే తలుపుతో పాటు కిటికీల పనినీ చూపించండి. బోరునీటిలోని ఉప్పు పేరుకొని కుళాయిలు పాడవుతుంటే, వాటిని విప్పి శుభ్రం చేసి వాషర్లు మార్చితే చాలునేమో అడగండి. కొత్తవి కొనమని చెప్పడం కొందరికి అలవాటు.

సరుకు మీరే కొని రసీదు దగ్గర ఉంచుకుంటే పెద్ద బయానా అవసరం ఉండదు. మిద్దె పనికి కూలిలో కొంత భాగాన్ని, మళ్లీ నీళ్లు నిలిపి చూశాకే ఇస్తామని పని మొదలుపెట్టక ముందే చెప్పండి. పని ముగిశాక ఆ మాట ఎత్తితే నిజాయితీపరుడికి కూడా కోపం వస్తుంది.