వైఫై రాని ల్యాప్‌టాప్ గురించి చిట్టికి

చిట్టీ,

నిన్న రాత్రి ఫోన్లో నీకు ఏడుపు ఒక్కటే తక్కువ. పాత ల్యాప్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించావు, అంతా బాగుంది, వైఫై మాత్రం రాలేదు. మళ్లీ ఫార్మాట్ కొడతానన్నావు. వద్దమ్మా. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా లేని డ్రైవర్, అంటే కార్డుని నడిపే ప్రోగ్రాం, పుట్టుకురాదు.

ముందు చేతిలో కాస్త నెట్ ఉండేలా చూసుకో. ఆండ్రాయిడ్ ఫోన్‌కి కేబుల్ తగిలించి, ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి. రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, లాగినై కేఎల్‌డీలోడ్ కమాండ్‌తో ఇఫ్_యూఆర్‌ఎన్‌డిస్ అనే మాడ్యూల్ ఎక్కిస్తే యూఈ0 అనే నెట్ కనెక్షన్ కనిపిస్తుంది. దాని మీద డీహెచ్‌క్లయింట్ కమాండ్ కొట్టు, నెట్ అడ్రస్ వచ్చేస్తుంది. సగం టెన్షన్ అక్కడే పోతుంది. తర్వాత ఫర్మ్‌వేర్, అంటే కార్డు లోపల నడిచే ప్రోగ్రాం, దించుకోవాలన్నా నెట్ ఉండాలి కదా.

నెట్ కనెక్షన్లు చూపించే ఇఫ్‌కాన్ఫిగ్ కమాండ్‌లో కార్డు కనిపించలేదని అన్నావు. దాన్నిబట్టి ఏమీ తేల్చకు. ఫ్రీబీఎస్‌డీ 11 నుంచి వైఫై కార్డు అక్కడ నేరుగా కనపడదు. సిస్‌సీటీఎల్ కమాండ్‌తో నెట్.వ్లాన్.డివైజెస్ చూడు. పేరు ఉంటే కార్డు పనిచేస్తున్నట్టే, దాని మీద వ్లాన్0 అనే వైఫై కనెక్షన్ తయారుచేసుకోవడమే మిగిలింది. ఖాళీగా ఉంటేనే అసలు కథ మొదలు.

అప్పుడు లోపలి కార్డుల జాబితా చూపించే పీసీఐకాన్ఫ్ -ఎల్‌వీ కమాండ్ కొట్టి, క్లాస్ 028000 అని ఉన్న లైను వెతుకు. వైఫై కార్డు అదే. 020000 అంటే వైరు తగిలించే ఈథర్నెట్. లైను మొదట్లో నన్0 అని ఉంటే ఏ డ్రైవరూ దాన్ని పట్టుకోలేదని అర్థం. అదే లైన్లో వెండర్ (తయారుచేసిన కంపెనీ), డివైజ్ నంబర్లు ఉంటాయి. వెండర్ 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. ఆ రెండు నంబర్లూ కాగితం మీద రాసుకో. ల్యాప్‌టాప్ మోడల్ పేరు పట్టుకుని వెతక్కు, ఒకే మోడల్‌లో రకరకాల కార్డులు పెట్టి అమ్ముతారు.

నేను మొదటిసారి ఈ చిక్కులో పడ్డప్పుడు మూడు రాత్రులు సెట్టింగులుండే ఆర్‌సీ.కాన్ఫ్ ఫైల్లోనే తల పెట్టుకుని కూర్చున్నాను. పాస్‌వర్డ్ తప్పేమోనని మార్చి మార్చి చూశాను. నాలుగో రోజు పీసీఐకాన్ఫ్ చూస్తే నన్0. డ్రైవరే లేని కార్డుకి పాస్‌వర్డ్ ఎంత సరిగ్గా ఇస్తే ఏం లాభం? అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంటెల్ అయితే ఆశ ఉంది. ఐడబ్ల్యూఎం, ఐడబ్ల్యూఎల్‌వైఫై డ్రైవర్లు చాలావాటిని చూసుకుంటాయి. కొత్త వెర్షన్లలో ఎఫ్‌డబ్ల్యూగెట్ అనే కమాండ్ కావలసిన ఫర్మ్‌వేర్ తెచ్చిపెడుతుంది. బ్రాడ్‌కామ్‌లో పాతవి కొన్నింటికే డ్రైవర్ ఉంది. విండోస్ డ్రైవర్‌ని ఎన్‌డిస్ అనే పద్ధతితో నడిపించమని పాత సలహాలు కనిపిస్తాయి, అటు పోవద్దు. కొత్త వెర్షన్లలో దాన్ని తీసేశారు.

డ్రైవర్ లేదని తేలితే కార్డు మార్చెయ్యడమే మేలు. ఎం.2 అనే చిన్న కార్డు స్లాట్ ఉంటే ఇంటెల్ ఏఎక్స్200 కొను. ఏఎక్స్201 మాత్రం కొనకు. చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ, కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లున్న మెషీన్లలో తప్ప పనిచేయదు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయాస్, అంటే ఆన్ చెయ్యగానే మొదట నడిచే ప్రోగ్రాం, తాను ఒప్పుకున్న కార్డులనే రానిస్తుంది, కొనేముందు అదీ కనుక్కో.

విప్పేటప్పుడు బ్యాటరీ తీగ ముందు ఊడదీయి. కార్డు మీద రెండు సన్నటి యాంటెన్నా తీగలుంటాయి, చివర ఆవగింజంత ఇత్తడి టోపీలు. పక్కకి లాగితే విరుగుతాయి. టోపీ కిందకి గోరు పెట్టి నిటారుగా పైకి లేపు. కొత్త కార్డు మీద టోపీని సరిగ్గా మధ్యలో ఆనించి వేలితో నొక్కు, టిక్కున కూర్చున్నట్టు వేలికే తెలుస్తుంది. తెలియకపోతే కూర్చోలేదన్నమాట, బలం పెట్టకుండా తీసి మళ్లీ ఆనించు.

ఇవాళ్టికి విప్పే పనేం పెట్టుకోకు. ఆ పీసీఐకాన్ఫ్ లైన్లు ఫొటో తీసి పంపు. పొద్దున్న కాఫీ తాగుతూ చూసి, ఏ కార్డు కొనాలో, అసలు కొనాలో వద్దో చెబుతాను.

మీ పెద్దమామయ్య