వడ్రంగి మేయర్ ఎలా అయ్యాడు?

ప్రశ్న: ఐర్లాండ్ నుంచి వలస వెళ్లిన వడ్రంగి ఒకాయన శాన్‌ఫ్రాన్సిస్కోకు మేయర్ అయ్యాడట. ఎలా సాధ్యమైందండీ?
– ఒక తాపీమేస్త్రి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆయన పి.హెచ్. మెకార్తీ. 1863లో లిమెరిక్ కౌంటీలో పుట్టి, వడ్రంగం నేర్చుకుని 1880లో అమెరికా, 1886లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. 1898 నుంచి అక్కడి భవన నిర్మాణ కార్మిక సంఘాల మండలికి అధ్యక్షుడు. కిటుకంతా ఒక చిన్న కార్డులో ఉంది. మూడు నెలలకోసారి మండలి ఇచ్చే ఆ పని కార్డు లేనివాడు సైటులో కనిపిస్తే, మిగతా అందరూ పనిముట్లు కింద పెట్టేసేవారు. మన అడ్డా మీద తాపీ, వడ్రంగం, రాడ్‌బెండింగ్ ఎవరి బేరం వారిదే కదా! అక్కడ అందరిదీ ఒకటే మాట.

1900లో తలుపులు, కిటికీలు చేసే మిల్లుల యజమానులు ఎనిమిది గంటల పనికి ఒప్పుకోక తాళాలేస్తే, మండలి సొంత మిల్లే పెట్టింది. 1901లో రాజీ కుదిరింది. ఎనిమిది గంటలు దక్కాయి. బదులుగా, ఎక్కువ గంటలు చేయించే బయటి మిల్లుల చెక్కను ముట్టబోమని మండలి మాటిచ్చింది. యజమానులకూ లాభమే మరి.

1906 భూకంపం తర్వాత ఊరు మళ్లీ కట్టాల్సి రావడంతో మండలి పట్టు ఇంకా పెరిగింది. మేయర్ ఎన్నికల్లో మెకార్తీ 1907లో ఓడి, 1909లో గెలిచాడు, 1911లో మళ్లీ ఓడాడు. ఆసియా వాళ్లను, మనవాళ్లతో సహా, రానివ్వొద్దన్న ఉద్యమానికి ఆ మండలి అండ ఉంది. అది చెరగని మచ్చే. మండలి కుర్చీ మాత్రం 1922 దాకా వదల్లేదు.